ఎలక్ట్రిక్ కారా, మళ్ళీ పెట్రోలేనా? కారు రాత్రి ఎక్కడ ఆగుతుందో ముందు అది చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. రోజుకు 45 కి.మీ. తిరుగుతారు, నెలకోసారి 350 కి.మీ. దూరంలోని ఊరికి వెళ్ళొస్తారు, కారు కొంటే పదేళ్ళు వాడతారు, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్కింగ్ ఉంది. ఇప్పుడే ఎలక్ట్రిక్‌కి మారాలా, ఇంకో పెట్రోల్ కారుతో నెట్టుకురావాలా? బొగ్గు కరెంటుతో నడిపితే పొగ చోటు మారడమే తప్ప తగ్గేదేముంది? పదేళ్ళలో హైడ్రోజన్ వచ్చేస్తే ఈ బ్యాటరీ కారు గతేమిటి?

సూటిగా చెబుతాను. మీ పార్కింగ్ దగ్గర మీ సొంత మీటరు నుంచి ఒక ప్లగ్ పాయింటు పెట్టుకోగలిగితే ఎలక్ట్రిక్ తీసుకోండి. అది కుదరకపోతే ఇప్పటికి వద్దు, హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌కు బ్యాటరీ, మోటారు తోడైన కారు) చూడండి, లేదంటే పెట్రోల్. బ్యాటరీ సైజు, బ్రాండు, ఫీచర్లు అన్నీ దీని తర్వాతే. ఎలక్ట్రిక్ కారు కొని బాధపడేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో చార్జింగ్ లేక, ప్రతి యూనిట్‌కీ బయటి స్టేషన్ మీద ఆధారపడినవాళ్ళే. ఇంట్లో చార్జింగ్ ఉన్నవాళ్ళకు రోజువారీ వాడకంలో రేంజ్, అంటే ఒక్క చార్జికి కారు వెళ్ళే దూరం, గురించి ఆలోచించే అవసరమే రాదు.

ఇప్పుడు కారణాలు. ముందు శక్తి లెక్క చూద్దాం, ఎందుకంటే మీ మూడు ప్రశ్నలకూ మూలం అక్కడే ఉంది.

ఒక లీటరు పెట్రోల్‌లో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. యూనిట్ అంటే కరెంటు బిల్లులో కనిపించే కిలోవాట్ అవరే. లీటరుకు 15 కి.మీ. ఇచ్చే కారు 100 కి.మీ.కి 6.7 లీటర్లు తాగుతుంది, అంటే 60 యూనిట్లు. అదే సైజు ఎలక్ట్రిక్ కారు అదే దూరానికి బ్యాటరీ నుంచి తీసుకునేది 15 యూనిట్లు. చార్జింగ్‌లో పోయే నష్టం కలిపితే గోడ ప్లగ్ దగ్గర 17. మిగతా నలభై పైచిలుకు యూనిట్లు పెట్రోల్ కారులో ఏమయ్యాయి? రేడియేటర్ వేడిగా, సైలెన్సర్ వేడిగా గాలిలో కలిసిపోయాయి. ఇది ఇంజనీర్ల చేతకానితనం కాదు. వేడిని కదలికగా మార్చే ఏ యంత్రానికైనా ఈ పరిమితి ఉంటుంది. మంచి పెట్రోల్ ఇంజన్ తనకు అనుకూలమైన వేగంలో, అనుకూలమైన లోడులో 35 నుంచి 40 శాతం దాకా చేరుతుంది గానీ, సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ సాగుతూ నడిచే కారులో చక్రానికి చేరేది 20 నుంచి 25 శాతమే. మోటారు, బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టర్ కలిసి బ్యాటరీ శక్తిలో 85 నుంచి 90 శాతాన్ని చక్రానికి ఇస్తాయి.

దీనికితోడు బ్రేకు సంగతి ఉంది. పెట్రోల్ కారు బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ వేగమంతా డిస్కుల వేడిగా పోతుంది. ఎలక్ట్రిక్ కారులో మోటారే జనరేటర్‌గా మారి అందులో సగానికి పైగా వెనక్కి తెస్తుంది. అందుకే పెట్రోల్ కారు మైలేజీ ఊళ్ళో పడిపోతుంది, హైవే మీద పెరుగుతుంది. ఎలక్ట్రిక్‌ది సరిగ్గా దానికి వ్యతిరేకం, ఊళ్ళో ఎక్కువ, హైవే మీద తక్కువ. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి గంటకు 80 కి.మీ. దగ్గర కంటే 120 దగ్గర ప్రతి కిలోమీటరుకూ గాలిని చీల్చడానికి 2.25 రెట్లు శక్తి కావాలి. కంపెనీ చెప్పిన రేంజ్‌లో ఊళ్ళో 80 నుంచి 85 శాతం, హైవే మీద 65 నుంచి 70 శాతం వస్తుందనుకుని లెక్క వేసుకోండి. గడ్డకట్టే చలి ఉన్న చోట్ల కేబిన్ వేడి చేయడానికే 3 నుంచి 5 కిలోవాట్లు పోతుంది, అక్కడ ఇంకా తగ్గుతుంది. ఏసీకి అంత పట్టదు, కారు చల్లబడ్డాక కిలోవాట్ అటూ ఇటూ.

ఇక బొగ్గు సంగతి. ఒక లీటరు పెట్రోల్ కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. చమురు తవ్వి, శుద్ధి చేసి, బంకు దాకా తెచ్చేటప్పుడు వచ్చేది ఇంకో ఐదో వంతు కలపాలి. మన 15 కి.మీ. కారుకు 100 కి.మీ.కి మొత్తం 18, 19 కిలోలు. పూర్తిగా బొగ్గు మీదే నడిచే కరెంటైతే యూనిట్‌కు 900 గ్రాముల నుంచి కిలో దాకా. 17 యూనిట్లకు 16 కిలోలు, లైన్ల నష్టాలు కలిపితే 17, 18. అంటే ఇంచుమించు సమానం. బ్యాటరీ తయారీలో వచ్చిన కార్బన్ కూడా కలిపితే పూర్తి బొగ్గు గ్రిడ్ (కరెంటు సరఫరా వ్యవస్థ) మీద ఎలక్ట్రిక్ కారుకు వాతావరణ పరంగా పెద్ద లాభమేమీ లేదు. ఈ మాట దాచిపెట్టి అమ్మడం నాకు నచ్చదు.

అయితే నూటికి నూరు బొగ్గు మీద నడిచే గ్రిడ్‌లు ఇప్పుడు అరుదు. జల, పవన, సౌర, అణు విద్యుత్ కలిసి యూనిట్‌కు సగటు 500 గ్రాములు ఉన్న చోట 100 కి.మీ.కి 8.5 కిలోలే. ప్రతి 100 కి.మీ.కి 10 కిలోలు మిగులు. 40 యూనిట్ల బ్యాటరీ తయారీకి యూనిట్‌కు 60 నుంచి 100 కిలోల చొప్పున రెండున్నర నుంచి 4 టన్నుల కార్బన్ పడుతుంది. మధ్యస్థంగా 3 టన్నులు అనుకుంటే 30,000 కి.మీ.లో ఆ అప్పు తీరుతుంది. మీరు ఏడాదికి 22,000 కి.మీ. దాకా తిరుగుతారు కాబట్టి ఏడాదిన్నర. ఆ తర్వాత ఎనిమిదిన్నరేళ్ళూ మిగులే. ఇంకో సంగతి, ఈ పదేళ్ళలో గ్రిడ్‌లోకి సౌర, పవన విద్యుత్ ఎంత చేరితే మీ కారు అంత శుభ్రపడుతుంది. పెట్రోల్ కారు కొన్ననాడు ఎంత పొగ వదిలిందో పదో ఏట అంతకంటే కాస్త ఎక్కువే వదులుతుంది.

చోటు మారడం కూడా చిన్న విషయం కాదు. ఊరి బయట ఎత్తైన చిమ్నీలో ఫిల్టర్ల గుండా పోయే పొగకూ, బడి పిల్లలు నిలబడే రోడ్డు మీద సైలెన్సర్ నుంచి వచ్చే పొగకూ ఊపిరితిత్తుల దగ్గర తేడా ఉంది. టైర్ల నుంచి రాలే ధూళి మాత్రం ఎలక్ట్రిక్ కారులో తగ్గదు. బరువు ఎక్కువ కాబట్టి కాస్త పెరగొచ్చు కూడా.

బ్యాటరీ ఎన్నేళ్ళు వస్తుంది? అందరి భయం ఇదే కాబట్టి వివరంగా చెబుతాను.

బ్యాటరీ రెండు రకాలుగా అరుగుతుంది, వాడితే ఒకటి, ఊరికే ఉంటే ఇంకొకటి. వాడకం వల్ల అరుగుదల మీ విషయంలో అసలు సమస్యే కాదు. నిజంగా 280 కి.మీ. ఇచ్చే కారు అనుకుందాం. ఏడాదికి 22,000 కి.మీ. అంటే 80 పూర్తి సైకిళ్ళు (ఒకసారి నిండా నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్), పదేళ్ళకు 800. కార్లలో వాడే రెండు రకాల బ్యాటరీల్లో ఎల్‌ఎఫ్‌పి సెల్‌లు మామూలుగా 3,000 సైకిళ్ళు దాటుతాయి, ఎన్‌ఎంసి సెల్‌లు 1,000 నుంచి 2,000. కాబట్టి సైకిళ్ళు అయిపోయి బ్యాటరీ పోదు. దాన్ని తినేది కాలం, వేడి, నిండు చార్జితో ఊరికే నిలబడటం. ఈ మూడూ కలిసినప్పుడు అరుగుదల ఎక్కువ. మంచి కూలింగ్ ఉన్న కార్లలో ఏడాదికి సగటున 2 శాతం దగ్గర తగ్గుతుంది. మొదటి ఏడాది కాస్త ఎక్కువ తగ్గి తర్వాత నెమ్మదిస్తుంది. అది చూసి కంగారుపడొద్దు.

ఎల్‌ఎఫ్‌పి అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఎన్‌ఎంసి అంటే నికెల్, మాంగనీస్, కోబాల్ట్. మీకు నా సలహా ఎల్‌ఎఫ్‌పి. అదే బరువులో నిల్వ ఉండే శక్తి తక్కువ, గట్టి చలిలో నీరసపడుతుంది. కానీ ఎక్కువ కాలం మన్నుతుంది, కోబాల్ట్, నికెల్ అక్కర్లేదు, వేడెక్కి అంటుకునే స్వభావం తక్కువ. రెండింటి వాడకంలో ఒక ముఖ్యమైన తేడా ఉంది, షోరూంలో దీన్ని సరిగ్గా చెప్పరు. ఎన్‌ఎంసి అయితే రోజూ 80 శాతం దగ్గర ఆపండి, దూరప్రయాణం ముందు రోజు రాత్రి మాత్రమే 100. ఎల్‌ఎఫ్‌పి అయితే వారానికో, కనీసం రెండు వారాలకో ఒకసారి 100 దాకా నింపండి. కారణం ఏమిటంటే ఎల్‌ఎఫ్‌పి సెల్ వోల్టేజి 30 శాతం దగ్గరా 80 శాతం దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది. ఎంత మిగిలిందో కారుకు వోల్టేజిని చూసి తెలియదు, వచ్చిన కరెంటు, పోయిన కరెంటు లెక్కపెట్టుకుంటూ అంచనా వేస్తుంది. ఆ అంచనాలో తప్పులు పేరుకుంటాయి. నిండా నింపినప్పుడే లెక్క సరిదిద్దుకుంటుంది, సెల్‌లన్నిటినీ ఒక స్థాయికి తెచ్చుకుంటుంది. నెలల తరబడి నింపకపోతే మీటరు 18 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి 6కి పడిపోయే కేసులు వస్తాయి. యజమాని బ్యాటరీ పోయిందనుకుంటాడు. చాలాసార్లు రెండు మూడు సార్లు నెమ్మదిగా 100 దాకా చార్జి చేసి, అలాగే కాసేపు వదిలేస్తే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే అప్పుడు ఒక బలహీనమైన సెల్‌ని అనుమానించాలి. వరసలో ఒక్క సెల్ పడిపోయినా మొత్తం ప్యాక్ (సెల్‌లన్నీ కలిసిన బ్యాటరీ) అక్కడే ఆగుతుంది, గొలుసుకు బలం దాని బలహీనమైన కొక్కెంలో ఉన్నట్టు.

కొనేముందు మూడు అడగండి. ప్యాక్‌కి ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉందా? వేడి ప్రాంతాల్లో గాలి కూలింగ్ ప్యాక్‌లు తొందరగా అరుగుతాయి. వారంటీ ఎన్నేళ్ళు, ఎంత సామర్థ్యానికి? మామూలుగా 8 ఏళ్ళు లేదా 1,60,000 కి.మీ., 70 శాతం కంటే తగ్గితే బాగుచేసో మార్చో ఇస్తారు. మూడోది, ఒక మాడ్యూల్ (ప్యాక్‌లో కొన్ని సెల్‌ల గుంపు) పాడైతే అదొక్కటే మారుస్తారా, ప్యాక్ మొత్తమా? కొన్ని కొత్త కార్లలో సెల్‌లను నేరుగా ప్యాక్‌లో జిగురుతో అతికిస్తున్నారు. బరువు తగ్గుతుంది, కానీ చిన్న రిపేరు కూడా పెద్దదవుతుంది. కింద రాయి తగిలి ప్యాక్ పెట్టె నొక్కుకుపోతే బీమా వర్తిస్తుందో లేదో కూడా పాలసీలో చదవండి. ఎత్తైన స్పీడ్ బ్రేకర్లున్న దారుల్లో ఇది ఊహల్లో సమస్య కాదు.

కారును నెల రోజులు వదిలేసి వెళ్ళాల్సివస్తే 50 శాతం దగ్గర, నీడలో వదలండి. 100 దగ్గర వద్దు, 10 కంటే తక్కువ అసలే వద్దు.

ఇంటి చార్జింగ్ పాయింటు. ఇక్కడ జరిగే తప్పులు కారునే కాదు, ఇంటినీ కాల్చగలవు. నిదానంగా చదవండి. అంకెలు 230 వోల్టుల సరఫరాకు సంబంధించినవి.

మీ 45 కి.మీ.కి రోజుకు కావలసింది 8 యూనిట్లు. 10 ఆంపియర్ల దగ్గర 2.3 కిలోవాట్లు, మూడున్నర గంటల పని. రాత్రి పదికి పెడితే రెండింటికల్లా అయిపోతుంది. కాబట్టి 7.4 కిలోవాట్ల వాల్ బాక్స్ (గోడకు బిగించే చార్జర్) మీకు తప్పనిసరి కాదు. ఉంటే ఊరి ప్రయాణం నుంచి ఖాళీగా వచ్చిన రాత్రి పనికొస్తుంది, అంతే.

ఏది పెట్టినా మీటరు నుంచి విడిగా ఒక లైను లాగాలి. ఆ లైను మీద గీజరు, మోటారు ఏవీ ఉండకూడదు. 16 ఆంపియర్ల పాయింటుకు 4 చదరపు మి.మీ. రాగి తీగ, 20 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మితి మించితే ఆపేసే స్విచ్). 32 ఆంపియర్ల వాల్ బాక్స్‌కు 6 చదరపు మి.మీ. తీగ, 40 ఆంపియర్ల ఎంసీబీ. సెల్లార్‌లో పార్కింగ్ మీటర్ల గదికి దూరంగా ఉంటే తీగ మందం పెంచాలి. 6 చదరపు మి.మీ. తీగ 30 మీటర్లు లాగితే 32 ఆంపియర్ల దగ్గర 6 వోల్టులు పడిపోతుంది, పర్వాలేదు. 60 మీటర్లయితే 12 వోల్టులు, ఇక ఒప్పుకోకూడదు. 40 మీటర్లు దాటితే 10 చదరపు మి.మీ. వేయించండి. పాత భవనంలో అల్యూమినియం లైనుకు రాగి తీగను మెలిపెట్టి టేపు చుట్టడం చూస్తే అక్కడే ఆపించండి. ఆ అతుకు ఆక్సీకరణ పట్టి, వేడెక్కి, కొన్ని నెలల్లో కాలుతుంది.

లీకేజీకి ఆపేసే ఆర్‌సీసీబీ 30 మిల్లీ ఆంపియర్లది తప్పనిసరి, అదీ టైప్ ఎ. మామూలుగా దొరికే ఏసీ టైప్ వద్దు. కారు చార్జర్ నుంచి సన్నగా డీసీ లీకైతే ఏసీ టైప్ పరికరం లోపలి కోర్ మొద్దుబారిపోయి, నిజంగా షాక్ కొట్టినప్పుడు కదలదు. వాల్ బాక్స్‌లో 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీ రక్షణ ఉందో లేదో అడగండి. లేకపోతే టైప్ బి ఆర్‌సీసీబీ పెట్టాలి, అది ఖరీదు ఎక్కువ.

ఎర్తింగ్ దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. ఎర్త్ సరిగ్గా లేకపోతే కారు చార్జి తీసుకోదు, ఎర్రలైటు చూపిస్తుంది. అప్పుడు కొందరు ఎలక్ట్రీషియన్లు ప్లగ్ లోపల న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేసి చార్జర్‌ను మోసం చేస్తారు. చార్జింగ్ మొదలవుతుంది, అందరూ సంతోషిస్తారు. ఇది ఎట్టి పరిస్థితుల్లోనూ చేయనివ్వకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజు కారు బాడీ మొత్తానికి 230 వోల్టులు వస్తాయి. తలుపు పట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. కొత్త ఎర్త్ పిట్ వేయించడమే మార్గం.

ఇక సాకెట్. ఇళ్ళలో వాడే 15, 16 ఆంపియర్ల సాకెట్లు గంట గీజరుకు సరిపోతాయి గానీ ఎనిమిది గంటలు ఆగకుండా నిండు లోడు మోయడానికి తయారైనవి కావు. లోపలి ఇత్తడి పత్తీలు వేడికి వదులవుతాయి, వదులైతే ఇంకా వేడెక్కుతాయి, చివరికి ప్లాస్టిక్ కరుగుతుంది. ఫ్యాక్టరీల్లో వాడే నీలం రంగు గుండ్రటి ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి, లేదా కారు సెట్టింగ్‌లో కరెంటు 10 ఆంపియర్లకు తగ్గించండి. మొదటి వారం చార్జింగ్ మొదలైన గంటకు స్విచ్ ఆపి, ప్లగ్ తీసి పైభాగాన్ని తాకి చూడండి. గోరువెచ్చగా ఉండొచ్చు, పట్టుకోలేనంత వేడి ఉండకూడదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలు వద్దు. చుట్ట విప్పకుండా వాడిన ఎక్స్‌టెన్షన్ తీగ లోపలి పొరల్లోనే వేడి దాచుకుని కరిగిపోతుంది.

350 కి.మీ. ప్రయాణం. 45 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు గంటకు 80, 90 కి.మీ. వేగంతో 260 కి.మీ. వెళ్తుందనుకుందాం. నిండుగా బయల్దేరి 200 కి.మీ. దగ్గర, ఇంకా 20 శాతం పైన ఉండగానే ఆగండి. 80 దాకా ఎక్కించడానికి 27 యూనిట్లు. 50 కిలోవాట్ల స్టేషన్ సగటున 40 ఇస్తుందనుకున్నా 40 నిమిషాలు. అక్కడ 100 దాకా కూర్చోకండి. 80 దాటాక సెల్‌లను కాపాడుకోవడానికి కారే కరెంటు తగ్గిస్తుంది, చివరి 20 శాతానికి ముందు అరవైకి పట్టినంత సమయం పట్టొచ్చు. స్టేషన్ మీద రాసినంత వేగం ఎప్పుడూ రాదు. స్టేషన్‌కు రెండు చార్జింగ్ గన్‌లు ఉంటే చాలాచోట్ల శక్తి పంచుకుంటాయి, ఎండలో వేగంగా నడిపి వచ్చిన బ్యాటరీ వేడిగా ఉంటే కారు తనే తగ్గిస్తుంది. దారిలో అనుకున్న స్టేషన్ పనిచేయకపోతే 40, 50 కి.మీ. లోపల ఇంకొకటి ఉండేలా చూసుకుని ఆగండి. చేరే ఊళ్ళో ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల పాయింటు ఉంటే తిరుగు ప్రయాణానికి బెంగ ఉండదు.

సర్వీసింగ్ తక్కువే, కానీ శూన్యం కాదు. ఇంజన్ ఆయిల్, స్పార్క్ ప్లగ్‌లు, క్లచ్, టైమింగ్ బెల్ట్ ఉండవు. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి, కూలెంట్ కంపెనీ చెప్పిన రకమే. రీజెన్ (బ్రేకు వేసినప్పుడు మోటారే జనరేటర్‌గా మారడం) వల్ల బ్రేక్ ప్యాడ్‌లు పెద్దగా అరగవు, కానీ వాడక డిస్కులకు తుప్పు పడుతుంది. వారానికోసారి ఖాళీ రోడ్డు మీద రీజెన్ తగ్గించి గట్టిగా బ్రేకు వేయండి. టైర్లు పెట్రోల్ కారు కంటే తొందరగా అరుగుతాయి. అన్నిటికంటే ఎక్కువమందిని రోడ్డు మీద నిలబెట్టేది పెద్ద బ్యాటరీ కాదు, 12 వోల్టుల చిన్న బ్యాటరీ. కంప్యూటర్లు, లాక్‌లు, పెద్ద బ్యాటరీని కలిపే కాంటాక్టర్లు అన్నీ దాని మీదే లేస్తాయి. అది పడుకుంటే 90 శాతం చార్జి ఉన్న కారు కూడా కదలదు. మూడో ఏడు దాటాక ఏటా టెస్టు చేయించండి.

ఏసీలో గ్యాస్ లీకైనా అశ్రద్ధ చేయొద్దు. చాలా కార్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా అదే కంప్రెసర్. ఫాస్ట్ చార్జింగ్ ఉన్నట్టుండి నెమ్మదిస్తే ముందు అది చూడాలి.

ఎవరు ఎలక్ట్రిక్ కొనకూడదు? ఇంట్లో పాయింటు లేనివాళ్ళు. స్టేషన్లు లేని దారుల్లో రోజూ 400 కి.మీ. పైన తిరిగేవాళ్ళు. ఏడాదికి 5,000 కి.మీ. కూడా తిరగనివాళ్ళు, ఎందుకంటే ఎక్కువ పెట్టిన ధరగానీ బ్యాటరీ కార్బన్ గానీ తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఉన్న కారు బాగుంటే వీళ్ళు దాన్నే వాడుకోవడం మేలు. ప్లగ్ పెట్టే హైబ్రిడ్ మాత్రం రోజూ ప్లగ్ పెట్టేవాళ్ళకే. పెట్టకపోతే అది అదనపు బరువు మోసే పెట్రోల్ కారు.

ఇక హైడ్రోజన్. నీటి నుంచి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. దాన్ని 700 బార్ల (మామూలు గాలి పీడనానికి దాదాపు 700 రెట్లు) పీడనానికి నొక్కడానికి ఇంకొన్ని. మొత్తం 60 అనుకోండి. ఆ కిలోతో ఫ్యూయెల్ సెల్ కారు (హైడ్రోజన్‌ను మళ్ళీ కరెంటుగా మార్చుకుని నడిచేది) సుమారు 100 కి.మీ. వెళ్తుంది. అదే 100 కి.మీ.కి బ్యాటరీ కారు 17 యూనిట్లు తీసుకుంది. మూడున్నర రెట్ల తేడా. టెక్నాలజీ ఎంత మెరుగుపడినా నీటిని విడగొట్టడం, నొక్కడం, మళ్ళీ కరెంటుగా మార్చడం, ఈ మూడు మెట్ల నష్టం పూర్తిగా పోదు. ఉక్కు, ఎరువులు, ఓడల వంటి చోట్ల హైడ్రోజన్‌కు పని ఉంది, బ్యాటరీ అక్కడ సరిపోదు. మీ కారుకు దాని కోసం ఎదురుచూడనక్కర్లేదు.

ఇథనాల్ గురించీ చాలామంది అడుగుతారు. లీటరు ఇథనాల్‌లో పెట్రోల్ కంటే మూడో వంతు శక్తి తక్కువ. 20 శాతం కలిపితే మైలేజీ 6, 7 శాతం తగ్గుతుంది. అసలు చిక్కు భూమి. ఒక హెక్టారు చెరకుతో ఏడాదికి 6,000, 7,000 లీటర్ల ఇథనాల్ వస్తే లీటరుకు 10 కి.మీ. చొప్పున 70,000 కి.మీ. మంచి ఎండ ఉన్న చోట అదే హెక్టారులో సోలార్ పలకలు పరిస్తే ఏడాదికి 7 లక్షల యూనిట్లు, మన కారు లెక్కలో 40 లక్షల కి.మీ. పైమాటే. అదీ బంజరు భూమిలో, నీళ్ళు లేకుండా. పంట పండే భూమిని ఇంధనానికి ఇవ్వడం నాకు మింగుడుపడదు.

శక్తి భవిష్యత్తు ప్రశ్నలో ఎక్కువమంది పట్టించుకోనిది కరెంటు మొత్తం కాదు, కరెంటు వేళ. మీ కారు సగటున నెలకు 300 యూనిట్లకు పైగా తీసుకుంటుంది. ఇంటి ఏసీలతో పోల్చదగిన లెక్క ఇది, గ్రిడ్‌లు మోయగలవు. కానీ అందరూ సాయంత్రం ఏడింటికి ఇంటికొచ్చి ఒకేసారి ప్లగ్ పెడితే వీధి ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు. ఆ వేళకే సౌర విద్యుత్ అస్తమిస్తుంది, దీపాలు, వంటలు, ఏసీలు అన్నీ లేస్తాయి. సౌర విద్యుత్ పెరిగేకొద్దీ మిగులు మధ్యాహ్నం పూట ఉంటుంది. కాబట్టి రాబోయే ఏళ్ళలో చార్జింగ్ ఆఫీసు పార్కింగ్‌లో, పగటిపూట జరగడమే అందరికీ మేలు. వేళను బట్టి యూనిట్ ధర మారే టారిఫ్ ఉంటే కారు టైమర్‌ను చవక వేళకు పెట్టుకోండి. ఇంటి మీద 3 కిలోవాట్ల పలకలకు చోటుంటే మంచి ఎండలో రోజుకు 12 యూనిట్లు, అంటే 70 కి.మీ. కారు నుంచి తిరిగి ఇంటికి, గ్రిడ్‌కి కరెంటు ఇచ్చే ఏర్పాటు కొన్ని మోడళ్ళలో ఇప్పటికే ఉంది. 45 యూనిట్ల బ్యాటరీ ఒక మామూలు ఇంటిని మూడు నాలుగు రోజులు నడపగలదు.

బ్యాటరీలు ఇంకా చవకవుతాయి కదా, ఆగుదామా అంటే, చవకవుతున్న మాట నిజమే. 2010లో లిథియం అయాన్ ప్యాక్ యూనిట్‌కు వెయ్యి డాలర్ల పైన ఉండేది, 2024 నాటికి సగటు 115 డాలర్లకు దిగింది. దీనికి రెండో వైపు ఉంది. కొత్తవి చవకయ్యేకొద్దీ పాత ఎలక్ట్రిక్ కారు రీసేల్ పడుతుంది. మూడేళ్ళకోసారి మార్చే అలవాటున్నవాళ్ళకు ఇది నిజమైన నష్టం. మీరు పదేళ్ళు వాడతారు కాబట్టి మీకు వర్తించదు. పెట్రోల్ కూడా రేపే మాయం కాదు. 2024లో ప్రపంచవ్యాప్తంగా అమ్ముడైన కొత్త కార్లలో ఎలక్ట్రిక్‌వి, ప్లగ్ హైబ్రిడ్‌లతో కలిపి, ఐదింట ఒక వంతు దాటాయి. మిగతా నాలుగు వంతులు ఇంకో పదిహేనేళ్ళు రోడ్డు మీదే ఉంటాయి, బంకులూ ఉంటాయి. కాబట్టి భయంతో ఇటుగానీ అటుగానీ దూకక్కర్లేదు.

బ్యాటరీ చెత్త విషయంలో కూడా పరిస్థితి మారుతోంది. కారుకు చాలని 70 శాతం ప్యాక్ ఇంటి సోలార్ నిల్వకు ఇంకా కొన్నేళ్ళు పనిచేస్తుంది. తర్వాత కరిగించి నికెల్, కోబాల్ట్, రాగి, లిథియం వెనక్కి తీస్తారు. యూరోపియన్ యూనియన్ 2023 చట్టం ప్రకారం 2031 నాటికి పాత బ్యాటరీల నుంచి లిథియం 80 శాతం, కోబాల్ట్, నికెల్, రాగి 95 శాతం తిరిగి తీయాలి. కాల్చిన పెట్రోల్‌ను తిరిగి తీసే దారి ఏదీ లేదు.

మీ వరకు చేయవలసిన వరస ఇది. ముందు అపార్ట్‌మెంట్ సంఘం నుంచి రాతపూర్వకంగా అనుమతి. తర్వాత లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో మీటరు నుంచి మీ పార్కింగ్ దాకా తీగ దూరం, ఇంటి మంజూరు లోడు, ఎర్త్ నిరోధం కొలిపించండి. లోడు చాలకపోతే పెంచమని దరఖాస్తు, దానికి కొన్ని వారాలు పట్టొచ్చు. పాయింటు పెట్టించి, రూం హీటరు లాంటి ఆగకుండా నడిచే లోడు పెట్టి ఒక గంట నడిపి చూడండి. తీగగానీ సాకెట్ గానీ వేడెక్కకపోతే అప్పుడు షోరూంకి వెళ్ళండి. 40 నుంచి 45 యూనిట్ల ఎల్‌ఎఫ్‌పి ప్యాక్, ద్రవ కూలింగ్, 50 కిలోవాట్ల ఫాస్ట్ చార్జింగ్ తీసుకోగల కారు మీకు సరిపోతుంది. 60 యూనిట్ల ప్యాక్‌కు ఎక్కువ డబ్బు పెట్టి, నెలకు ఒక్క రోజు కోసం మిగతా ఇరవై తొమ్మిది రోజులూ ఆ బరువు మోయించనక్కర్లేదు. టెస్ట్ డ్రైవ్ మాత్రం ఊళ్ళో కాదు, హైవే మీద 50 కి.మీ. అడగండి. బయల్దేరినప్పుడు, తిరిగొచ్చాక ఎన్ని శాతాలు ఉన్నాయో రాసుకుంటే ఆ కారు మీ 350 కి.మీ.కి ఒక స్టాప్ కోరుతుందో రెండు కోరుతుందో అక్కడే తేలిపోతుంది.